ముసలమ్మ కార్డుకు నేను వేసిన మార్కులు

మా ఇంట్లో పేకముక్క ముట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. పేకాట మాట వింటేనే మా అమ్మకు ఒళ్ళంతా కారం పూసుకున్నట్టుండేది. అలాంటి తల్లికి పుట్టి, ముక్క చూడగానే అది పనికొస్తుందో రాదో చెప్పడంలో నేను ఆరితేరాను. అవి కాగితం ముక్కలు కావమ్మా, ఇంటర్నెట్టులో ఆడే ఆటలో కార్డులు అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కేది కాదు. "కంప్యూటర్లో ఆడితే మాత్రం పేకాట కాకుండా పోతాదా? ఆడపిల్లవి, నలుగురు వింటే ఏమనుకుంటారు?" అనేది. నలుగురూ వినలేదు. విని ఉంటేనే బాగుండేది, అది నా పని అని కనీసం నలుగురికైనా తెలిసేది.

రెండువేల అయిదు, ఆరు సంవత్సరాల్లో నేను హిందూపురంలో బస్టాండుకు దగ్గరగా ఒక ఇంటర్నెట్ సెంటర్లో కౌంటర్ చూసేదాన్ని. తెలుగు మీడియంలో డిగ్రీ పూర్తిచేసి, వేరే ఏదీ దొరక్క చేరిన పని. ఆరు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డాలు, కరెంటు పోతే ఈగలు తోలుకోవడం. మధ్యాహ్నం పూట ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఆ ఖాళీలోనే ఈ ఆట నాకు అంటుకుంది. అంటించింది పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చి కంప్యూటర్ కోర్సు చేస్తున్న ఒక అమ్మాయి. నా ఈడుదే. కాన్వెంటులో చదివింది, ఇంగ్లీషు గడగడా మాట్లాడేది, నవ్విందంటే సెంటరంతా వినిపించేది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నాకు అంత దగ్గరి స్నేహితురాలు లేదు. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆట సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఆడే ఇద్దరి దగ్గరా ముప్ఫై కార్డుల కట్ట ఒక్కొక్కటి ఉంటుంది. ఏ కార్డులు పెట్టుకోవాలో ఎవరి ఇష్టం వాళ్ళది. ప్రతి కార్డు మీదా పై మూల ఒక అంకె, అది ఆ కార్డును ఆటలోకి దించడానికి పట్టే శక్తి; ఆ శక్తి మన వంతు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా చేతికి వస్తుంది. మధ్యలో బొమ్మ. బొమ్మ కింద రెండు అంకెలు: అది ఎంత దెబ్బ కొడుతుంది, ఎంత దెబ్బకు ఓర్చుకుంటుంది. అన్నిటికంటే అడుగున సన్న అక్షరాల్లో దాని గుణం రాసి ఉంటుంది. నాలుగైదు నెలలకొకసారి ఆట తయారుచేసేవాళ్ళు కొత్త కార్డులు వందకు పైగా ఒకేసారి వదిలేవాళ్ళు. వదలడానికి పదిరోజుల ముందు నుంచి రోజుకు కొన్ని చొప్పున వెబ్‌సైట్లో చూపించేవాళ్ళు. ఇక చూడండి, లోకంలో ఆ ఆట ఆడేవాళ్ళంతా ఒకచోట చేరి, ఇంకా ఎవరూ చేతిలోకి తీసుకోని ఆ కార్డులకు పదికి ఇన్ని అని మార్కులు వేసి కొట్టుకు చచ్చేవాళ్ళు. కార్డులు వచ్చాక ఎవరి మార్కులు నిజమైతే వాళ్ళకు అక్కడ గొప్ప మర్యాద.

నా స్నేహితురాలు చాలా బాగా ఆడేది, కానీ కొత్త కార్డు చూస్తే మాత్రం మోసపోయేది. బొమ్మ చూసి మురిసిపోయేది. మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు తెల్లటి మంచుగుర్రం ఒకటి చూపించింది. అందరూ దానికి తొమ్మిదీ పదీ వేస్తున్నారు.

"ఎట్లుండాది మే?" అంది.

"బొమ్మ వదిలెయ్. అడుగున ఏం రాసుండారో తెలుగులో చెప్పు" అన్నాను.

నీ వైపు మనుషులు ముగ్గురు నిలబడి ఉంటే ఈ గుర్రం రెట్టింపు దెబ్బ కొడుతుంది అని రాసుందట. "మన మనుషులు ముగ్గురు నిలబడుండారంటే అప్పటికే మనం గెలుస్తాండామని గదా. గెలిచేటప్పుడు గుర్రం ఎందుకు, గాడిదైనా చాలు. ఓడిపోయేటప్పుడు ఇది ఏం పీకుతాది?" అన్నాను. కార్డులు వచ్చిన నెలలోపే మంచుగుర్రాన్ని ఒక్కరూ కట్టలో పెట్టుకోవడం లేదు.

ఆ తెలివి నాకు మా నాయన నుంచి వచ్చింది. తొంభైల్లో, సెలవులిస్తే చాలు, నాయన వెంట పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోయేదాన్ని. ఆయన రైతు కాదు, వ్యాపారీ కాదు. గూళ్ళు కొని దారం తీయించే ఒక షావుకారుకు గూళ్ళు చూసిపెట్టే మనిషి. తలుపుల, కనగానపల్లి ఊళ్ళ నుంచి రైతులు తెచ్చి పోసే గూళ్ళలో మంచివి పైన ఉంటాయి, మచ్చలవీ మెత్తవీ అడుగున దాక్కుంటాయి. నాయన మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసేవాడు. వేళ్ళతో నొక్కి, చెవి దగ్గర ఆడించి, తల అడ్డంగానో నిలువుగానో ఊపేవాడు. "పైనుండేది చూసి మురిసిపోతే అయిపోయినాం పాపా. ఎండ కాసే దినం ఏ గూడైనా బాగనే ఉంటాది. ముసురు పట్టినప్పుడు దారం తెగకుండా వచ్చేదే గూడు" అనేవాడు. నేను కార్డులకు చేసింది కూడా అంతే. సన్న అక్షరాలు ముందు, అంకెలు తర్వాత, బొమ్మ అన్నిటికంటే చివర. పైగా ఓడిపోతున్న రోజున ఈ కార్డు చేతిలోకి వస్తే ఏడుస్తానా, ఊపిరి పీల్చుకుంటానా అని ఒక్కటే ప్రశ్న.

ఆ షావుకారుకు మార్కెట్టులో గొప్ప పేరు, ఆయన కొంటే గూడు మంచిదని. చూసిన చెయ్యి మా నాయనది. ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి కడిగేశాను. "సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. కన్ను నీది, పేరు ఆయనది. సిగ్గులేదా నాయనా?"

ఆయన నవ్వాడు. "చూసేటోడు చూస్తాడు, కొనేటోడు కొంటాడు. నా కన్ను యాడికి పోతాది లే."

ఆ రోజు ఆయన్ని చేతకానివాడని మనసులో తిట్టుకున్నాను. ఆ తర్వాత నేను చేసింది చూడండి.

మంచుగుర్రం సంగతి నిజమయ్యాక మేమిద్దరం పని పంచుకున్నాం. కొత్త కార్డులు చూపించే పదిరోజులూ ఆమె క్లాసు కాగానే పరుగెత్తుకొచ్చేది. కార్డు మీదున్నది తెలుగులో చెప్పేది. నేను మార్కు వేసి, ఎందుకో వివరంగా చెప్పేదాన్ని. ఆమె దాన్ని ఇంగ్లీషులో కొట్టి, అందరూ చదివేచోట పెట్టేది. ఆ రాతలకు ఒక మారుపేరు కావాల్సి వచ్చినప్పుడు వాళ్ళ ఊరి కొండ పేరుతో ఆమే ఒకటి కల్పించింది, ఆమె ఈమెయిల్‌తోనే తెరిచింది. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. చూసేవాళ్ళు చూస్తారు, రాయగలిగినవాళ్ళు రాస్తారు. మార్కెట్టులో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలిసిన పద్ధతే అది. నా ఖర్మ, నాయనను తిట్టిన నోటితోనే ఆ పద్ధతికి తలూపాను.

రెండేళ్ళలో ఆ మారుపేరు మోగిపోయింది. చీపురు పట్టుకున్న మరుగుజ్జు కార్డును చూసి లోకమంతా నవ్వుతూ ఉంటే మేము ఎనిమిది వేశాం. నెల తిరగకుండా అది లేని కట్ట లేదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో "మీరు చెబితే అయిపోయినట్టే" అని రాసేవాళ్ళు. ఆమె చదివి తెలుగులో చెబుతుంటే నేను కౌంటర్ వెనక కుర్చీలో రాణిలా కూర్చునేదాన్ని. ఆ మధ్యాహ్నాలు నిజంగా సుఖంగా గడిచాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ తర్వాత బెంగుళూరు నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే ఈమెయిలే. ఆ ఆట కార్డులను బయటికి వదలకముందు ఆడి చూసి, ఏది మరీ బలంగా ఉంది, ఏది దండగ అని చెప్పే కంపెనీ ఒకటి అక్కడ ఉందట. ఆ మారుపేరు గల మనిషి తమ పక్క ఊరి మనిషేనని తెలిసి వాళ్ళు ఆశ్చర్యపోయారు. వచ్చి కలవమన్నారు.

"ఇద్దరం పోదాం పా మే" అంది ఆమె.

ఏసీ గదిలో ఇంగ్లీషులో అడిగితే నేనేం చెప్పను? "ఆ ఇంగ్లీషోళ్ళ ముందర నేను కూచోను. నువ్వే పో. పోయి నా సంగతి చెప్పు, పిలిస్తే అప్పుడు వస్తా" అన్నాను.

"ఒట్టు. నీ పేరు చెప్పకుండా బయటికి రాను" అంది. నా తల మీద చెయ్యి కూడా వేసింది.

మూడు రోజులకు మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. నేను డబ్బా తెరవకుండా, "నా సంగతి?" అన్నాను. ఆమె కీబోర్డు మీద దుమ్ము తుడుస్తూ, "నీ పేరు ఎత్తేకి వీలు కాలేదు మే. వాళ్ళు అడిగిందే అడిగి, వెంటనే కాగితం చేతికిచ్చేసినారు. చేరినాక నిదానంగా చెప్తా. నా మీద నమ్మకం లేదా?" అంది.

"ఉండాది" అన్నాను. మైసూర్‌పాక్ ముక్క నోట్లో పెట్టుకున్నాను. మట్టి తిన్నట్టుంది.

చేరాక నిదానంగా కూడా చెప్పలేదు. ఏరు దాటాక తెప్పతో పనేముంది? మొదట వారానికొకసారి ఫోన్ చేసేది, తర్వాత నెలకొకసారి. ఈ లోపల ఇంటర్నెట్ సెంటర్ మూసేశారు. నేను ధర్మవరంలో చీరల డిజైన్లు చేసేచోట చేరాను. కొంగుల మీద నెమళ్ళూ అంచుల మీద మామిడిపిందెలూ కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా నింపే పని. అదేం చెడ్డ పని కాదు. కానీ గళ్ళు నింపుతున్నంతసేపూ నా లోపల ఒకే మాట తిరిగేది. అక్కడ ఆ కుర్చీలో కూర్చోవాల్సింది నేను. ఆ కుర్చీ నాది. దాన్ని ఎలాగైనా ఆమె కిందనుంచి లాగేయాలి. ఏడాది పాటు అన్నం తింటున్నా, బస్సు ఎక్కుతున్నా ఇదే. ఇంత కుళ్ళు నాలో ఉందని నాకే తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. గొంతు ఎప్పటిలా లేదు, బడిలో పద్యం అప్పజెప్పేటప్పటి గొంతు.

"ఇంకా బయటికి రాని కార్డులు అయిదుండాయి. బొమ్మ ఎట్లుండాదో చెప్పి, మీదుండేది చదువుతా. ఒక్కోదానికి మార్కులేసి, ఎందుకో చెప్తావా? కన్నడంలో చెప్పు మే. ఈడ అందరూ కన్నడమోళ్ళే, నాకు అదే అలవాటైపోయింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బెంగుళూరు పోయి ఏడాదే అయింది, అప్పుడే తెలుగు నోటికి రావడం లేదా? కన్నడం మాకేం కొత్త కాదు. హిందూపురంలో మా వీధిలో సగం ఇళ్ళల్లో అదే మాట్లాడతారు. నాకు రాదని కాదు, ఆ డాబు చూసి మండింది. పైగా సంగతి తేటతెల్లం: సొంతంగా కార్డు చూడటం ఇంకా చేతకాలేదు, ఉద్యోగం నిలబడటానికి ఈ రోజుకీ నా కన్ను కావాలి. సరే, ఇస్తాను అనుకున్నాను.

మొదటి మూడింటికీ నిజమే చెప్పాను. నమ్మించాలి కదా.

నాలుగోది బంగారు అంబారీ మోసే ఏనుగు. దించడానికి ఎనిమిది శక్తి పడుతుంది. పిడుగులాంటి దెబ్బ. అడుగున ఏ గుణమూ లేదు. పైన పటారం, లోన లొటారం. అంత శక్తి చేతికి వచ్చేలోపు ఆట అయిపోతుంది. అయిదోది లాంతరు పట్టుకున్న ముసలమ్మ. రెండు శక్తికే దిగుతుంది. దెబ్బ అంతంతమాత్రం. అడుగున మాత్రం, నీ కట్టలో పైనున్న మూడు కార్డులు చూసి, కావలసినది చేతిలోకి తీసుకో అని ఉంది. వినగానే నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. ఓడిపోతున్న రోజున అంతకంటే కావలసింది ఏముంది? అయిదేళ్ళకొకసారి వచ్చే కార్డు అది. పదికి పది.

"ఏనుగుకు తొమ్మిది. ముసలమ్మకు ఒకటి" అన్నాను కన్నడంలో.

"ముసలమ్మది అడుగునుండేది ఇంకోసారి చదువుతా, విను" అంది. పిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క మాట ఆపి ఆపి చదివింది. "ఇప్పుడు చెప్పు. నిదానంగా ఆలోచించి చెప్పు."

ఆమె బతిమాలుతోందని తెలుస్తూనే ఉంది. ఆ బతిమాలడం నా చెవికి తేనెలా ఉంది. "ఆలోచించేకి ఏముండాది? ముసలిది లాంతరు పట్టుకుని వచ్చి ఏం చేస్తుంది? ఏనుగు చూడు, ఎంత బాగుందో. చూసినవాడు దడుసుకుంటాడు. అందరి కట్టల్లో అదే ఉంటుంది" అని ఇంకా రెండు మాటలు కలిపి మరీ చెప్పాను.

"ఖాయమా?"

"ఖాయం."

ఫోన్ పెట్టేశాక ఒక అంచు డిజైన్ మొత్తం ఈలవేస్తూ పూర్తిచేశాను. ఆ మార్కులు తీసుకుపోయి ఆమె వాళ్ళ ముందు పెడుతుంది, అందరూ నవ్వుతారు, కుర్చీ కదులుతుంది. ఏడాది తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాను.

తర్వాతి ఆదివారం ఆమె చెప్పాపెట్టకుండా ప్యాసింజర్ రైలెక్కి ధర్మవరం వచ్చింది. స్టేషన్‌కు రమ్మంటే పోయాను. ఉద్యోగం పోయి ఏడవడానికి వచ్చిందనుకున్నాను. ఏడిస్తే ఏమనాలో కూడా దారిపొడుగునా కూడబలుక్కున్నాను. ఆమె ప్లాట్‌ఫాం మీద బెంచీ చివర కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఆ దినం ఫోన్లో నేనొక్కదాన్నే లేను మే" అంది. "మా టీం లీడర్ పక్కనే కూచోని స్పీకర్లో వింటాన్యాడు. ఆయనకు తెలుగు రాదు. అందుకే కన్నడంలో చెప్పమన్నా. ఇంకో మనిషిని తీసుకుంటామంటే నీ సంగతి చెప్పినా. అది నీకు ఇంటర్వ్యూ."

బెంచీ రెండో చివర కూర్చున్నాను.

"ముందే చెప్పొచ్చు గదా! నోరు పడిపోయిందా?"

"ఇంటర్వ్యూ అంటే నువ్వు వస్తావా? ఆ పొద్దు వచ్చినావా? భయపడతావని చెప్పకుండా పెట్టినా. ఉట్టిగా నాతో మాట్లాడినట్టు మాట్లాడితే చాలు, పనైపోతాదనుకున్నా."

ఆయన ఏమన్నాడని అడిగాను.

"మొదటి మూడూ విని తలూపినాడు. ఆఖరి రెండూ విని నవ్వినాడు. మీ స్నేహితురాలు బొమ్మను చూసి మార్కులేసే రకం అన్నాడు."

ఆ మాట నన్ను పట్టుకుని అంది. మంచుగుర్రం రోజున బొమ్మ వదిలెయ్ అని చెప్పిన నన్ను. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

"నువ్వు అబద్ధం చెప్తాండావని నాకు ఆడనే తెలిసిపోయింది" అంది ఆమె. "రెండోసారి చదివింది అందుకే. రెండేండ్లు నీ పక్కన కూచున్నా గదా, ఆ మాత్రం నాకూ వచ్చింది. ముసలమ్మకు నేను తొమ్మిది వేసినా."

"అయితే ఆయనతో చెప్పొచ్చు గదా, ఇది కావాలని తప్పు చెప్పిందని!"

"ఎట్ల చెప్పేది? నా మీద కోపంతో చెప్పిందంటే, కోపమెందుకని అడగడా? అప్పుడు ఆ మార్కులన్నీ ఎవరివో చెప్పాల్సొస్తాది గదా."

"మరి నా గురించి ఏమని చెప్పినావు ఆయనకు?"

ఆమె తల వంచుకుంది. "నా స్నేహితురాలు, ఆట బాగా ఆడతాదని చెప్పినా."

అంతే. రెండేళ్ళు చూసిన కన్నుకు అంతే. ఒట్టు వేసిన చెయ్యి ఏమైందని అడగబోయి ఆగిపోయాను. ఆ కొంచెం మంచైనా ఆమె చేసింది, చేతులారా పాడుచేసింది నేను. నేను అయిదింటికీ నిజం చెప్పి ఉంటే ఇద్దరం పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్ళం.

బెంగుళూరు వైపు రైలు వచ్చింది. ఆమె లేచి, "పోయొస్తా మే" అంది. దారిపొడుగునా కూడబలుక్కున్న తిట్లన్నీ నోట్లోనే ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఇక ఆమెను తిట్టడానికి పనికిరాదు.